నర్సు పనికి పద్దు ఏది?

కాస్ట్ అకౌంటింగ్ మొదటి పాఠం చెప్పేటప్పుడు నేను సాధారణంగా నెల్లిమర్ల జూట్ మిల్లులో తయారయ్యే గోనెసంచితో మొదలుపెడతాను. సంచికి నార ఎంత, కూలి ఎంత, కరెంటు ఎంత, మేనేజరు జీతంలో ఆ సంచి నెత్తిన పడే భాగం ఎంత అని విడగొట్టి చెబితే విద్యార్థులకు సులువుగా తలకెక్కుతుంది. ఈ ఏడు సావనీరుకు ఏదైనా వ్రాయమని యూనియన్ వారు అడిగినప్పుడు మాత్రం సంచిని పక్కనపెట్టి, నా చేతికి వచ్చిన ఒక ఆసుపత్రి బిల్లును పాఠంగా తీసుకోవాలనిపించింది. బిల్లు నాది కాదు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబానిది. వారి అమ్మాయికి తొమ్మిదో ఏట చక్కెర వ్యాధి బయటపడింది. పెద్దలకు వచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే టైప్ 1 రకం. రోజూ ఇంజెక్షన్ తప్పదు, జీవితాంతం.

మొదటిసారి ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. బిల్లు రెండు పేజీలు వచ్చింది. రిజిస్ట్రేషన్, డాక్టరుగారి కన్సల్టేషన్, నాలుగు రోజుల గది అద్దె, రక్తపరీక్షలు, మందులు, సిరంజీలు ఉన్నాయి. చివరికి దూదికి, స్పిరిటుకు కూడా పద్దు ఉన్నది. నేను కామర్స్ వాణ్ణి కనుక ఆ తండ్రి ఆ కాగితాలు నాకు చూపించి, ఏమైనా ఎక్కువ వేశారేమో చూడమన్నాడు. నేను చూసినది ఎక్కువను కాదు, లేనిదాన్ని. ఆ నాలుగు రోజుల్లో ఒక సిస్టరు ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని బత్తాయి పండు మీద సూది వేయడం నేర్పింది. పొట్ట మీద ఎక్కడ వేయాలో, తొడ మీద ఎక్కడ వేయాలో, ఒకేచోట వేస్తే ఏమవుతుందో చూపించింది. చక్కెర పడిపోయి పిల్లకు చెమటలు పడితే వెంటనే పంచదార నీళ్లు పట్టమని నాలుగుసార్లు చెప్పించుకొన్నది. ఆ తల్లి మాటల్లోనే చెప్పాలంటే, "డాక్టరుబాబు జబ్బు పేరు సెప్పినారు, సిస్టరమ్మ పిల్లని బతికించడం నేర్పినాది". ఆ పాఠానికి బిల్లులో ఒక్క అక్షరం లేదు.

పోనీ, అది ఉచితంగా చేసిన మేలు అనుకోవచ్చు కదా అంటారా? అకౌంటెంటు అలా అనుకోడు. ఆసుపత్రి లెక్కల్లో నర్సు జీతం ఎక్కడో ఒకచోట రాబట్టుకొనే తీరాలి. చాలా ఆసుపత్రులలో అది గది అద్దెలో కలిసిపోయి ఉంటుంది. పడకకు రోజుకింత అని వేస్తారు. అందులో మంచం, దుప్పటి, దీపం, పంకా, వాటితోపాటు నర్సు. డాక్టరు వచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళితే అది వేరే పద్దు. ఎక్స్‌రే తీస్తే వేరే పద్దు. నర్సు మాత్రం మంచంకోడులాగా అద్దెలో భాగం. ఈ పద్ధతి వార్డులో ఉన్నంతకాలం ఒక విధంగా చెల్లుతుంది. పేరు కనిపించకపోయినా డబ్బు వస్తుంది. కాని పిల్ల ఇంటికి వెళ్లిపోయి, మూడు నెలలకొకసారి ఫాలో అప్ పరీక్షకు వస్తే ఏమవుతుంది? అప్పుడు పడక లేదు. పడక లేదు కనుక అద్దె లేదు. అద్దె లేదు కనుక అందులో దాక్కున్న నర్సు కూడా లేదు. చేసే పని మాత్రం అలాగే ఉన్నది, నిజానికి వార్డులోకంటే ఎక్కువే ఉన్నది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే, దీర్ఘవ్యాధులున్న పిల్లల విషయంలో మన వైద్యపథకాలు ఎక్కడ బలంగా ఉన్నాయో, ఎక్కడ జారిపోతున్నాయో చాలావరకు తెలిసిపోతుంది.

మన జిల్లాకు ఈ చరిత్రలో ఒక స్థానం ఉన్నది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో ముందుగా మూడు జిల్లాల్లో మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురం, మూడవది మన శ్రీకాకుళం. తెల్ల రేషను కార్డు చేతబట్టుకొని విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రి గడప ఎక్కగలిగిన మొదటి తరం మన పల్లెలవారే. ఆ పథకం ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్నది. దాని బిల్లు పద్ధతిని విద్యార్థులు గమనించదగినది. అక్కడ దూదికి, సూదికి విడిగా పద్దులు ఉండవు. ఒక్కొక్క చికిత్సకు ఒక కోడు, ఆ కోడుకు ఒక నిర్ణీత మొత్తం. దీన్నే ప్యాకేజీ అంటారు. ఆసుపత్రి ముందుగా అనుమతి తీసుకోవాలి. చికిత్స అయిన తరువాత కాగితాలు, ఫోటోలు, పరీక్షల ఫలితాలు పంపితే క్లెయిము మంజూరవుతుంది. రోగి ఇంటికి వెళ్లిన తరువాత పది రోజుల మందులు కూడా ఆ ప్యాకేజీలోనివే.

పథకం రూపొందించినవారు ఫాలో అప్ సంగతి మరిచిపోయారని అనడం అన్యాయం. గుండె, మూత్రపిండాలు, నరాల జబ్బులు వంటి వాటికి చికిత్స తరువాత ఏడాదిపాటు ఫాలో అప్ ప్యాకేజీలు పెట్టారు. అవి వందకు పైగానే ఉండేవి. ఆ రోజుల్లో దేశంలో చాలా పథకాలకు ఈ ఊహే లేదు. 2018 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ సైతం ఆసుపత్రి నుంచి వెళ్లిన తరువాత 15 రోజుల ఖర్చుతో సరిపెట్టింది. అయితే మన ఫాలో అప్ ప్యాకేజీలో లెక్కకు వచ్చేవి మూడు. డాక్టరు సంప్రదింపు, పరీక్షలు, మందులు. నర్సు చేసే అంచనాకు నాలుగవ గడి లేదు. పైగా ఆ ప్యాకేజీ తలుపు తెరుచుకొనేది చాలావరకు ఆపరేషనో, పెద్ద చికిత్సో అయినవారికే. ఆపరేషను అవసరం లేకుండా ఏళ్లతరబడి సాగే జబ్బుతో ఉన్న పిల్లవాడికి ఆ తలుపు దగ్గర నిలబడటానికి కోడు దొరకడం కష్టం.

ఇక నర్సు అంచనా అంటే ఏమిటో చూద్దాం. బరువు చూసి, బి.పి. చూసి పంపించడం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకొన్నాను.

మన ఏజెన్సీలో, సీతంపేట కొండల్లో సవర, జాతాపు పిల్లల సంగతి తీసుకోండి. అక్కడ సికిల్ సెల్ వ్యాధి ఉన్నది. రక్తకణం గుండ్రంగా ఉండవలసింది కొడవలిలా వంగిపోయి చిన్న నాళాల్లో ఇరుక్కొంటుంది. ఒళ్లంతా నొప్పులు, రక్తహీనత, తరచు జ్వరాలు. ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ఒక జాతీయ మిషన్ ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని నిర్ణయించారు. పరీక్ష చేసి జబ్బు ఉన్నదని కార్డు ఇవ్వడం ఒక రోజు పని. ఆ తరువాతే అసలు పని మొదలవుతుంది.

ఈ పిల్లలకు హైడ్రాక్సీయూరియా అనే మందు ఇస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున అనుకొంటే 18 కిలోల పిల్లవాడికి రోజుకు 360 మిల్లీగ్రాములు కావాలి. ఏడాది తిరిగేసరికి వాడు 22 కిలోలయ్యాడనుకోండి, 440 కావాలి. ఎవరూ తూచకపోతే పాత మోతాదే సాగుతుంది, మందు వాడుతూనే ఉన్నా నొప్పులు తిరగబెడతాయి. తల్లి మందు పనిచేయడం లేదని మానిపిస్తుంది. మరోవైపు ఈ మందువల్ల తెల్లకణాలు తగ్గే ప్రమాదం ఉన్నది కనుక కొన్ని వారాలకొకసారి రక్తం చూడాలి. పసిపిల్లల్లో ప్లీహం హఠాత్తుగా ఉబ్బి, రక్తమంతా అందులోకి చేరిపోయి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఎడమ పక్కటెముకల కింద చెయ్యిపెట్టి ప్లీహం పెరిగిందో లేదో చూడటం తల్లికి నేర్పవచ్చు. నేర్పవలసినది నర్సే. గత నెలలో ఎన్నిరోజులు నొప్పి వచ్చింది, ఎన్నాళ్లు బడి మానాడు, నీళ్లు తాగుతున్నాడా, టీకాలు పడ్డాయా, కొండెక్కి దిగితే ఆయాసం వస్తోందా అన్నవి అడగాలి. ఆ ప్రశ్నలు సవర భాషలో అడగగలిగితే ఇంకా మంచిది. ఇదంతా పావుగంటలో తేలే వ్యవహారం కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ పిల్లల కుటుంబాలకు రాష్ట్రప్రభుత్వం డబ్బు ఇవ్వకపోలేదు. 2020 జనవరి నుంచి సికిల్ సెల్, తలసేమియా, తీవ్రమైన హీమోఫీలియా రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిర్ణయించారు. అది చిన్న మొత్తం కాదు. కాని పింఛను కుటుంబానికి వస్తుంది. పిల్లవాణ్ణి తూచే చేతికి, అంటే ఆ సేవకు, విడిగా పద్దు లేదన్న మాట అలాగే ఉన్నది.

రెండవ ఉదాహరణ రుమాటిక్ గుండెజబ్బు. ఇరుకిళ్లలో, చాలీచాలని తిండితో పెరిగే పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. కొందరిలో అది కీళ్లవాపుగా మారి, తరువాత గుండె కవాటాలను కొరుకుతుంది. పెద్దవాళ్లు ఈ జబ్బు కీళ్లను నాకి గుండెను కరుస్తుందని వైద్య విద్యార్థులకు చెప్పేవారట. ఒకసారి వచ్చిన పిల్లవాడికి మళ్లీ రాకుండా ఉండాలంటే మూడు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయాలి. గుండె దెబ్బతిన్న తీరునుబట్టి కొందరికి పాతికేళ్ల వయసు దాకా, కొందరికి జీవితాంతం వేయాలి. వేసేది నర్సు. వేసేముందు ఎలర్జీ సంగతి అడిగి చూడాలి, వేసిన తరువాత అరగంట కూర్చోబెట్టి గమనించాలి. ఈ రియాక్షన్ భయంతోనే చాలాచోట్ల "ఇక్కడ వెయ్యం, పెద్దాసుపత్రికి పొండి" అంటారు. ఆయాసం పెరిగిందా, జ్వరం వచ్చిందా, క్రితంసారి ఎందుకు రాలేదు అని అడగవలసిందీ అప్పుడే.

ఇప్పుడు మన పాఠంలోకి వద్దాం. లెక్క సౌకర్యం కోసం నర్సు జీతం నెలకు 30,000 అనుకొందాం. ఎక్కువ తక్కువలకు నాతో తగవు పెట్టుకోవద్దు, ఇది బోర్డు మీది లెక్క. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208 గంటలు. గంటకు సుమారు 144 రూపాయలు. ఒక్కొక్క పిల్లవాడికి 25 నిమిషాలు పడితే 60 రూపాయలు. మూడు వారాలకొకసారి అంటే ఏడాదికి 17 సార్లు, సుమారు 1,020 రూపాయలు. పదేళ్లకు పదివేల చిల్లర. మందు ఖర్చు వేరే, అది కూడా చవకే. ఈ పని జరగక కవాటం పాడైతే మార్చే ఆపరేషను ప్యాకేజీ లక్ష రూపాయల పైమాట. ఆ తరువాత రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు, దానికి మళ్లీ ఫాలో అప్. ఆ లక్షకు కోడు ఉన్నది, అనుమతి ఉన్నది, క్లెయిము ఉన్నది. ఈ అరవై రూపాయలకు మాత్రం ఏ పుస్తకంలోనూ వరుస లేదు. ఆసుపత్రి సూపరింటెండెంటు ఎంత మంచివాడైనా, సంవత్సరాంతపు నివేదికలో ఆపరేషన్ల సంఖ్య చూపగలడు గాని, జరగవలసిన అవసరం తప్పిపోయిన ఆపరేషన్ల సంఖ్య చూపలేడు.

మన విద్యార్థుల్లో లైఫ్ సైన్సెస్ చదివి హైదరాబాదులోనో, విశాఖలోనో మెడికల్ కోడింగ్ ఉద్యోగాల్లో చేరినవారున్నారు. వాళ్లలో ఒకడు సెలవులకు వచ్చినప్పుడు నాకొక సంగతి చెప్పాడు. వాడు రాత్రంతా కూర్చొని కోడు వేసేది అమెరికా రోగుల బిల్లులకు. అందులో 99211 అని ఒక కోడు ఉన్నదట. "మేస్టారూ, అక్కడ నర్సు చూస్తే దానికి కూడా నంబరుందండి" అన్నాడు. ఆ తరువాత నేను దాని సంగతి చదివాను.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి ప్రచురించిన సి.పి.టి. అనే కోడ్ల పుస్తకం అక్కడి వైద్యబిల్లులకు వర్ణమాల వంటిది. 1992లో అందులో క్లినిక్ సందర్శనలకు మెట్లుమెట్లుగా కోడ్లు పెట్టారు. పాత రోగులకు సంబంధించిన వరుసలో అన్నిటికంటే కింది మెట్టు 99211. డాక్టరు ఎదురుగా లేకున్నా, క్లినిక్ సిబ్బంది, ముఖ్యంగా నర్సు, రోగిని చూసి అంచనా వేసినప్పుడు ఈ కోడు వేయవచ్చు. మొదట్లో దానికి సుమారు ఐదు నిమిషాలన్న సూచన ఉండేది. 2021 సవరణల్లో ఆ కాలపరిమితిని తీసివేశారు. వచ్చే డబ్బు ఎక్కువేమీ కాదు, ఇరవై పైచిలుకు డాలర్లు. షరతులు మాత్రం గట్టివి. రోగి కొత్తవాడు కాకూడదు. అక్కడి మెడికేర్ నియమాల ప్రకారం డాక్టరు అంతకుముందే చికిత్సాపథకం వ్రాసి ఉండాలి. పర్యవేక్షించే డాక్టరు అందుబాటులో ఉండాలి. ఎందుకు వచ్చాడు, ఏమి చూశారు, ఏమి చెప్పారు, ఎవరు చూశారు అన్నవి కాగితం మీద ఉండాలి. ఊరికే ఒక సూది పొడిచి పంపిస్తే సూది కోడు వస్తుంది గాని ఈ కోడు రాదు. ఆడిటర్లు అడిగితే నోటు చూపించలేని క్లినిక్కు తీసుకొన్న డబ్బు వెనక్కి కట్టాలి.

ఇందులో నాకు నచ్చినది డాలరు కాదు, ఆ నోటు. బిల్లు కావాలంటే వ్రాయాలి. వ్రాయాలంటే చూడాలి. అంచనా అనేది ఒక పని అని పుస్తకం ఒప్పుకొన్నది కనుక దానికొక ఆధారం మిగులుతున్నది. వచ్చేసారి మరో నర్సు ఉన్నా పాత నోటు చదువుకోవచ్చు.

అలాగని అమెరికా పద్ధతిని నెత్తిన పెట్టుకోమనడం లేదు. ప్రతి సందర్శనకూ పద్దు పడితే ప్రతి సందర్శనకూ రోగి జేబులోంచి కొంత కట్టవలసి రావచ్చు. నర్సు దగ్గరికే కదా, దానికి కూడా డబ్బా అని ఫాలో అప్ మానేసే కుటుంబాలు అక్కడా ఉంటాయి. పనికి విలువ కట్టడం వేరు, ఆ విలువను బీదవాడి దగ్గర వసూలు చేయడం వేరు. మన చర్చల్లో ఈ రెండూ తరచు కలిసిపోతాయి.

ఇంగ్లండువారు ఇంకొక దారి పట్టారు. అక్కడి జాతీయ ఆరోగ్యసేవలో చక్కెర వ్యాధి ఉన్న పిల్లలకు 2011-12లో ఒక ప్రత్యేక చెల్లింపు తెచ్చి, మరుసటి ఏడు స్థిరపరిచారు. ఆసుపత్రికి పిల్లకు సాలీనా ఇంత అని ఇస్తారు. కాని ఊరికే ఇవ్వరు. ఏడాదిలో డాక్టరు, నర్సు, ఆహారనిపుణులు కలిసి చూసే క్లినిక్కులు నాలుగు ఉండాలి. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష నాలుగుసార్లు చేయాలి. ఇవికాక బృందం నుంచి కనీసం ఎనిమిది పలకరింపులు ఉండాలన్నారు. అది ఫోను కావచ్చు, నర్సు బడికి వెళ్లి టీచరుతో మాట్లాడటం కావచ్చు. తల్లిదండ్రులు పైసా కట్టనక్కరలేదు, అయినా నర్సు చేసిన ఫోను లెక్కలోకి వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో ఆ దేశపు పిల్లల సగటు చక్కెర తగ్గుతూ వచ్చినట్టు అక్కడి జాతీయ ఆడిట్ చూపింది. అదంతా ఈ చెల్లింపు మహిమేనని అకౌంటెంటు అనకూడదు, కొత్త పరికరాలు, కొత్త మందులు కూడా వచ్చాయి. కాని ఆసుపత్రులు అంతకుముందు లేని నర్సు ఉద్యోగాలు తెరవడానికి ఒక కారణం దొరికిందన్నది సులభంగా ఊహించదగినది.

విదేశాల సంగతులు మనకెందుకు అనేవారికి ఇంటి ఉదాహరణే ఒకటి ఉన్నది. 2011లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఆశా కార్యకర్తలకు పసికందుల ఇంటిసందర్శనలు అప్పగించారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను మూడవ రోజు, ఏడవ రోజు, అలా నలభైరెండవ రోజు దాకా ఆరుసార్లు చూడాలి. మొత్తానికి 250 రూపాయలు. దానికి షరతులున్నాయి. పుట్టినప్పటి బరువు కార్డులో వ్రాసి ఉండాలి, టీకాలు పడాలి, జననం నమోదు కావాలి, నలభైరెండవ రోజుకు తల్లీబిడ్డ క్షేమంగా ఉండాలి. ఆలోచించి చూడండి, 99211లో ఉన్న సారమంతా ఇందులో ఉన్నది. పని పేరు, సందర్భం, కాగితం, చెల్లింపు. 2018లో దీన్నే పొడిగించి మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మరో ఐదు సందర్శనలు, ఒక్కొక్కదానికి 50 రూపాయలు పెట్టారు. మొత్తం చిన్నదని ఆశాలు ధర్నాలు చేశారు, అది న్యాయమే. 2019లో మన రాష్ట్రంలో వారి నెలసరి పారితోషికాన్ని 10,000కు పెంచారు. సూత్రం మాత్రం అప్పటికే స్థిరపడింది, పసిబిడ్డ ఇంటికి వెళ్లి చూసి రావడం లెక్కించదగిన పని అని. మరి బిడ్డ పెరిగి, ఆరేళ్లకు సికిల్ సెల్ అనో, మూర్ఛ అనో తేలిన తరువాత ఆ లెక్క ఎందుకు ఆగిపోవాలి?

2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తుంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు లేక ఏ.ఎన్.ఎం., ఒక ఫార్మసిస్టు వాహనంలో వస్తారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి. జబ్బును కనిపెట్టడానికి ఇది మంచి ఏర్పాటు. ఏడాదికొకసారి వచ్చే బండి మూడు వారాలకొకసారి వేయవలసిన సూదికి సరిపోదు, అంతే. ఈమధ్య పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో బి.ఎస్సి. నర్సింగ్ చదివిన ఎం.ఎల్.హెచ్.పి.లు ఉంటున్నారు. నా దృష్టిలో ఈ పనికి అసలైన మనిషి అక్కడే కూర్చొని ఉన్నది.

ఒక ఆక్షేపణ ఉన్నది, దాన్ని తప్పించుకోకూడదు. ప్రభుత్వ నర్సుకు జీతం వస్తుంది కదా, మళ్లీ పద్దెందుకు? ఇప్పటికే ఆమె బల్ల మీద రిజిస్టర్లు గుట్టగా ఉన్నాయి, ఫోనులో యాప్‌లు వేరే. ఇంకొకటి పెడితే పిల్లను చూడటం మాని పుస్తకం నింపుతుంది. ఈ మాట నాతో ఒక స్టాఫ్ నర్సే అన్నది. "సార్, మీ పద్దు పుణ్యమా అని నాకింకో అరగంట రాతపని తగిలిస్తారా?" అని నవ్వింది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఒక రిజిస్టరు తీసేసి ఇది పెట్టాలన్నాను. ఏది తీయాలో చెప్పమన్నది. అక్కడికి ఆగిపోయాం.

అయినా ఇంతమాత్రం చెప్పగలను. జీతం నర్సుకు వస్తుంది, పనికి రాదు. ఒక ఆసుపత్రిలో పిల్లల ఫాలో అప్‌కు ఎందరు నర్సులు కావాలని ప్రభుత్వం అడిగితే, జవాబు చెప్పడానికి ఏటా ఎన్ని అంచనాలు, ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలు అన్న లెక్క ఉండాలి. పద్దు లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే పోస్టు లేదు. ఆ నర్సునే ప్రసవాల వార్డుకు మార్చినా పుస్తకంలో ఏ లోటూ కనిపించదు. లోటు కనిపించేది ఎక్కడో మెళియాపుట్టి అవతలి పల్లెలో, మోతాదు పెరగని పిల్లవాడి ఒంట్లో. కనుక సొమ్ము సున్నా అయినా సరే, ప్రభుత్వ ఆసుపత్రి కాగితం మీద "నర్సు ఫాలో అప్ అంచనా, 25 నిమిషాలు" అని ఒక వరుస పడాలంటాను. పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికైతే ఆ వరుసకు నిజమైన చెల్లింపే ఉండాలి.

మొదట చెప్పిన అమ్మాయి సంగతి పూర్తిచేస్తాను. మూడు నెలలకు తల్లి ఆమెను ఆ ఆసుపత్రికే తీసుకువెళ్లింది. ఆరోజు డాక్టరుగారు లేరు. సిస్టరు చూసింది, సూది వేసేచోట గడ్డలు కడుతున్నాయని పట్టుకొన్నది, చోటు మార్చమని చెప్పింది. కౌంటరులో డాక్టరు కన్సల్టేషను ఫీజే కట్టించుకొన్నారు, ఎందుకంటే వారి కంప్యూటరులో మరో పద్దు లేదు. ఆ ఆసుపత్రి ప్రభుత్వ పథకం జాబితాలో కూడా లేదు. తండ్రి తన ఇన్సూరెన్సు పాలసీకి ఆ రశీదు పంపితే, పడకలో చేరలేదు కనుక చెల్లదని తిరిగివచ్చింది. "ఏటండి మేస్టారూ, సూసినాది సిస్టరమ్మ, డబ్బులు డాక్టరుబాబు పేరున, తీరా సెల్లదంట" అని ఆ తల్లి నన్నడిగింది. ఆ తరువాత రెండుసార్లు వాళ్లు వెళ్లలేదు. గడ్డలు కట్టినచోట సూది వేస్తే ఇన్సులిన్ సరిగా ఎక్కదు. ఏడో నెలలో పిల్ల వాంతులతో, ఆయాసంతో పడిపోయింది. ఒంట్లో ఆమ్లాలు పేరుకుపోయే కీటో అసిడోసిస్ అన్నారు. ఐ.సి.యు.లో మూడు రోజులు. ఆ బిల్లులో ప్రతిదానికీ పద్దు ఉన్నది, ఇన్సూరెన్సువారు కూడా చెల్లించారు.

పిల్ల కోలుకొన్నది, ఇప్పుడు ఏడో తరగతి. వాళ్లమ్మ ఒక రెండువందల పేజీల నోటుబుక్కులో తనే స్కేలుతో గీతలు గీసుకొన్నది. తేదీ, అన్నానికి ముందు చక్కెర, ఎన్ని యూనిట్లు, ఏ చోట సూది. నెలకొకసారి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి ఆ బుక్కు పట్టుకెళ్లి సిస్టరుకు చూపిస్తుంది. ఆమె పిల్లను తూచి, పొట్ట మీద గడ్డలున్నాయేమో తడిమి, కింద సంతకం పెడుతుంది. నేను ఒకనాడు ఆ పక్కన ఇంకొక గీత గీసి, ఎన్ని నిమిషాలు పట్టిందో వ్రాయమన్నాను. మొన్న చూస్తే ఆ గడిలో 25 అని ఉన్నది.